మీరు ముగ్గురు, నేనొక్కదాన్ని

ఆసుపత్రి దుప్పటిని ఒక్కదాన్నే మడిచానని ఎవరైనా గొప్పలు చెబితే నమ్మకండి. మడవొచ్చు, కానీ అంచు నేలను తుడుస్తుంది, మళ్ళీ ఉతకాలి. సరిగ్గా మడవాలంటే ఇద్దరుండాలి. చెరోవైపు మూలలు పట్టుకుని, ఒక్క దులుపు దులిపి, ఒకరికొకరు ఎదురు నడవాలి. మూలలు కలిసినచోట ఒకరు వదిలేస్తారు, ఇంకొకరు అందుకుంటారు. మా ఆసుపత్రి కింది అంతస్తులో, కిటికీల్లేని బట్టల గదిలో నా సగం ఆయుష్షు ఇలా ఎదురు నడవడంలోనే గడిచింది.

నాతో మడిచే ఆవిడ మోకాళ్ళు పాడై పని మానేసింది. ఇంకో మనిషిని పంపమని ఆఫీసువాళ్ళ చెవిలో ఇల్లు కట్టుకుని పోరాను. "చూద్దాం" అన్నారు. వాళ్ళు ఎప్పుడూ అంతే, చూస్తూనే ఉంటారు. చివరికి పక్కనున్న బాయిలర్ గదిలోంచి ఒకాయన చేతులు తుడుచుకుంటూ వచ్చాడు.

"నేను పట్టనాండీ? బాయిలర్ వేడెక్కేదాకా నాకు పనేం ఉండదు" అన్నాడు.

అందరూ బాయిలరాయన అని పిలిచే మనిషి. అప్పటిదాకా నేను ఆయన గొంతు సరిగ్గా విన్నది లేదు. మొదటి దుప్పటి వంకరగా మడిచాడు. "దుప్పటి మడుస్తున్నారా, పొట్లం కడుతున్నారా?" అన్నాను. నా నోరు మంచిది కాదు, ఆ సంగతి ఊరంతా చెబుతుంది, నేనూ ఒప్పుకుంటాను. ఆయన కోపం తెచ్చుకోలేదు. దుప్పటి విప్పి మళ్ళీ మొదలుపెట్టాడు. అప్పట్నుంచీ రోజూ వచ్చేవాడు.

నాకు పెళ్ళి కాలేదు. వద్దనుకుని మానుకున్నది కాదు. అమ్మకి పక్షవాతం వచ్చేనాటికి నాకు సంబంధాలు వచ్చే వయసు. అన్నయ్యకి అప్పటికే సంసారం, వేరే ఊళ్ళో ఉద్యోగం. మంచం దగ్గర ఎవరుండాలని ఎవరూ కూర్చుని మాట్లాడలేదు, అందరూ నావైపు చూశారు, అంతే. "అమ్మని ఎంత బాగా చూసుకుంటుందో" అని మెచ్చుకున్నవాళ్ళలో ఒక్కరంటే ఒక్కరు సంబంధం తేలేదు. అమ్మ ఉన్నన్నాళ్ళూ విసుక్కున్నాను. పోయాక విసుక్కోవడానికి మనిషి లేకుండా పోయింది. టైర్ల కొట్టు పైన మేడగది నాది. సాయంత్రం తాళం తీసి లోపలికి వెళితే పొద్దున తాగి పెట్టిన గ్లాసు పెట్టినచోటే ఉంటుంది. దాన్ని అటునుంచి ఇటు జరిపేవాళ్ళు కూడా లేరు. ఆ గ్లాసుని చూస్తే నాకు ఒళ్ళు మండేది.

అలాంటిదానికి, రోజంతా ఎదురుగా నడిచొచ్చే మనిషి ఒకడు దొరికితే ఏమవుతుందో మీకు వేరే చెప్పాలా?

ఆయన దాచలేదు, ఆ మాట ఒప్పుకోవాలి. మొదట్లోనే చెప్పాడు, తనకి భార్య ఉందని. ఇద్దరికీ పడక, చాలా ఏళ్ళ కిందట ఆమె పెట్టె సర్దుకుని వాళ్ళక్క ఇంటికి వెళ్ళిపోయిందని. తను వెళ్ళి పిలవలేదని, ఆమె తిరిగి రాలేదని. విడాకులు తీసుకునే ఓపిక కూడా ఇద్దరికీ లేకపోయిందట. నేను విన్నాను. విని, విననట్టు ఒక మూలన పడేశాను. మా చర్చి సంఘానికి రమ్మంటే వచ్చాడు. వెనక బల్ల మీద కూర్చుని పాటలు పెదాలతో మాత్రమే పాడేవాడు. నేను ముందు వరసలో ఉండి కూడా ఆయన పాడుతున్నాడో లేదో చూసుకునేదాన్ని. వీపుకి కళ్ళుంటాయని అప్పుడే తెలిసింది.

ఒకరోజు దుప్పటి మూలలు కలిశాక ఆయన వదల్లేదు. నా వేళ్ళూ ఆయన వేళ్ళూ ఆ బట్ట మీదే ఉన్నాయి.

"కోర్టు కాగితాల సంగతి నేను చూసుకుంటాను. మీరు సరేనంటే చాలు" అన్నాడు.

"వదలండి, ఇంకా బండెడు దుప్పట్లున్నాయి" అన్నాను. అన్నానే గానీ ఆ బండెడూ ఎలా మడిచానో నాకు గుర్తులేదు.

వదినకి ఫోన్ చేస్తే ఎగిరి గంతేసింది. "ఇన్నాళ్ళకి దేవుడు నీ మొహం చూశాడు. కాలడ్డం పెట్టకు" అంది. ఆలూ లేదు చూలూ లేదు, ఆవిడ అప్పుడే నాకు చీర రంగు కూడా ఎంచేసింది. నాకూ అలాగే అనిపించింది. దేవుడే పంపకపోతే బాయిలర్ గది మనిషికి దుప్పట్లతో పనేంటి?

కానీ ఒక మాట నాకు తెలుసు. మా సంఘంలో ఏ పెళ్ళి జరిగినా పాస్టరు అయ్యగారు తప్పకుండా చెప్పే మాటే. దేవుడు కలిపిన ఇద్దరినీ విడదీయడానికి మనుషులు ఎవరని. ఎన్ని పెళ్ళిళ్ళలో విన్నానో, ఎందరి పెళ్ళిళ్ళకి పూలు కట్టానో. ఆ మాట వచ్చినప్పుడల్లా తల ఊపేదాన్ని. ఊపడం తేలిక, అది వేరేవాళ్ళ పెళ్ళి కదా.

అయినా నేను నాకు సర్దిచెప్పుకున్నాను. ఆమె ఎప్పుడో వెళ్ళిపోయింది, ఎలాగూ రాదు, ఇంక విడదీయడానికి అక్కడ ఏముందని. ఆ ధైర్యం కూడా ఎక్కువ రోజులు నిలవలేదు. ఒక మధ్యాహ్నం ఆయన వచ్చి దుప్పటి పట్టుకోకుండా అలాగే నిలబడ్డాడు.

"ఆమె ఫోన్ చేసింది. వాళ్ళక్క పోయిందట. అక్క పిల్లలు ఉండనిచ్చేలా లేరట. రమ్మంటే వస్తానంది" అన్నాడు.

"మీరేమన్నారు?"

"ఇంకా ఏం అనలేదు. మీరు నాకు అవునంటే ఆమెకి వద్దని చెప్తాను. మీరు కాదంటే రమ్మంటాను."

నాకు ఎక్కడ లేని కోపం వచ్చింది. తన పెళ్ళాన్ని రమ్మనాలో వద్దో నన్నడుగుతాడేంటీ మనిషి? బరువంతా తెచ్చి నా నెత్తిన పెట్టి, పాపం మంచివాడిలా నిలబడ్డాడు. అదే ఆయనతో అందామనుకున్నాను. తీరా చూస్తే ఆయన కళ్ళు ఎర్రగా ఉన్నాయి. రాత్రి నిద్రపోయినట్టు లేడు. "ఆదివారం దాటాక చెప్తాను" అన్నాను.

ఇప్పుడు డబ్బా సంగతి చెప్పాలి. మా సంఘంలో ఒక రేకు డబ్బా ఉంది. దాని నిండా చిన్న చిన్న అట్టముక్కలు, ఒక్కోదాని మీద ఒక్కో వాక్యం. ఏడాది మొదటిరోజు ప్రార్థన అయ్యాక ప్రతివాళ్ళూ కళ్ళు మూసుకుని ఒక చీటీ తీసుకుంటారు. అది ఆ ఏడాదికి దేవుడు వాళ్ళకిచ్చిన మాట. ఒకరికి ఒకటే. నచ్చలేదని వెనక్కి పడేసి ఇంకోటి తీయడం ఉండదు. ఒకసారి ఒకావిడ అలా తీయబోతే అందరి ముందూ ఆవిడ చెయ్యి పట్టుకుని ఆపింది ఎవరనుకున్నారు? నేనే. నలిగిపోయిన చీటీలు మార్చి కొత్తవి రాసే పని నాది కాబట్టి ఆ డబ్బా నా గదిలోనే ఉంటుంది.

ఆదివారం ఆరాధన అయ్యాక గదికొచ్చి, తలుపు గడియపెట్టి, డబ్బా మంచం మీద పెట్టుకున్నాను. కళ్ళు మూసుకుని, "ప్రభువా, నీ చిత్తమేంటో చెప్పు" అని ఒక చీటీ తీశాను. దేవుడికి కానుకలూ బలులూ తెచ్చేకంటే ఆయన మాట వినడం మేలని ఉంది.

చదివి లోపల పడేశాను. సరిగ్గా కలపలేదనుకున్నాను. డబ్బా బాగా కుదిపి రెండోది తీశాను. భయపడవద్దని ఉంది. ఇది అటూ కాదు, ఇటూ కాదు. మూడోది, నాలుగోది, ఆ తర్వాత లెక్క మానేశాను. ఒక దాంట్లో కోట గురించి, ఒక దాంట్లో గొర్రెల గురించి ఉంది. గొర్రెల గురించి నేనడిగానా? చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతకడమంటే ఇదేనని నాకు తెలుస్తూనే ఉంది. అయినా చెయ్యి ఆగలేదు. ఆఖరికి వచ్చింది. మిడతలు తినేసిన సంవత్సరాలన్నీ నీకు మళ్ళీ ఇస్తాను అన్న మాట.

ఆ చీటీ గుండెకి పెట్టుకుని ఏడ్చాను. అమ్మ మంచం పక్కన పోయిన నా ఏళ్ళు. మిడతలు కాక ఇంకేం తిన్నాయి వాటిని? దేవుడు చెప్పేశాడు, ఇంక నాకు అడ్డేంటి? మొహం కడుక్కుని అమ్మగారి దగ్గరికి పరిగెత్తాను. అమ్మగారంటే మా అయ్యగారి భార్య.

ఆవిడ వంటింట్లో ఉల్లిపాయలు తరుగుతోంది. నేను జరిగిందంతా చెప్పి, చీటీ చూపించాను. కత్తి పక్కన పెట్టి, కళ్ళద్దాలు పైకి లాక్కుని చదివింది.

"ఇది ఎన్నో చీటీ?" అంది.

"దేవుడిచ్చిన చీటీ అమ్మగారూ."

"ఎన్నోదీ అనడిగాను."

నేను మాట్లాడలేదు. నాలాంటిది మాట్లాడలేదంటేనే ఆవిడకి అర్థమైపోయింది.

"మొదటిదేంటమ్మా?"

చెప్పాను. ఆవిడ మళ్ళీ కత్తి తీసుకుంది. కాసేపు తరిగింది.

"ఈ మిడతల మాట మంచిదే. కానీ ఆవిడ ఏళ్ళు కూడా మిడతలు తినే ఉంటాయి కదమ్మా" అంది.

అంతే, నాకు ఒళ్ళు తెలియలేదు. "మీకేం అమ్మగారూ, మీకు అయ్యగారున్నారు. పక్కన మనిషిని పెట్టుకుని ఎన్నయినా చెప్పొచ్చు" అనేశాను.

ఆవిడ నొచ్చుకున్నట్టు కనబడలేదు. "అవును, ఉన్నారు. అందుకే నేను చెబితే నీకు చేదుగా ఉంటుంది. ఇంకేం చెప్పనులే. అన్నం తిని వెళ్ళు" అంది. తినలేదు. చెప్పులు ఎడమదీ కుడిదీ చూసుకోకుండా వేసుకుని వచ్చేశాను.

గదిలోకి వచ్చి నిలబడి మరీ పోట్లాడాను, మోకాళ్ళ మీద పడి కాదు. కింద టైర్ల కొట్టు ఆదివారం మూసేస్తారు, కాబట్టి వినేవాళ్ళు లేరు.

"నీకేం, ఎన్నయినా చెప్తావు. మీరు ముగ్గురు. తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ. లోకం పుట్టకముందు నుంచీ కలిసే ఉన్నారు. ఎప్పుడైనా తాళం తీసుకుని ఖాళీ ఇంట్లోకి వెళ్ళావా నువ్వు? నేనొక్కదాన్ని. నీకు ఏం తక్కువ చేశాను? ఉపవాసాలున్నాను. నీ ప్రార్థన హాలు ఊడ్చాను. నీ చీటీలు రాశాను. అమ్మని చూశాను, అదీ నీ మాటే కదా. ఇంత చేసినదానికి ఈ ఒక్క మాటా వదిలేస్తే నీ సొమ్మేం పోయింది?"

ఉలుకూ పలుకూ లేదు. గోడకి చెప్పుకున్నట్టే ఉంది. అరిచి అరిచి గొంతు బొంగురుపోయి మంచం మీద కూలబడ్డాను.

అప్పుడు, అడగకుండానే, ఒక సంగతి గుర్తొచ్చింది. ఆ ముగ్గురిలో ఒకరు ఒంటరిగా ఉన్న రాత్రి ఒకటుంది కదా. సిలువ వేయడానికి పట్టుకుపోయేముందు, తోటలో. కాసేపు నాతో మెలకువగా ఉండండిరా అని బతిమాలితే స్నేహితులు గుర్రుపెట్టి నిద్రపోయారు. ఈ శ్రమల గిన్నె నాకొద్దు, తీసెయ్యమని ప్రభువూ తండ్రిని అడిగాడు. ఒకసారి కాదు, మళ్ళీ మళ్ళీ వెళ్ళి అదే అడిగాడు. పైనుంచి అప్పుడూ జవాబు లేదు. నాకూ ప్రభువుకీ తేడా అంతా ఆ తర్వాతే ఉంది. నచ్చిన జవాబు వచ్చేదాకా అడగలేదు ప్రభువు. నీ ఇష్టమే కానీ అని లేచి నిలబడి, వచ్చేవాళ్ళకి ఎదురువెళ్ళాడు.

నాకు వెలుగు కనబడిందనో, శాంతి కలిగిందనో చెప్పను. సంఘం ముందు చెప్పే సాక్ష్యాల్లో చాలామంది అలా చెబుతారు, వాళ్ళకి కలిగిందేమో. నాకు మాత్రం ఏడుపే వచ్చింది. దేవుడు నా నోరు మూయించాడు, అంతే. చీటీని డబ్బాలో వేసి మూత పెట్టాను.

మర్నాడు మిషన్లన్నీ తిరుగుతున్నాయి. ఆయన దుప్పటి అవతలి అంచు పట్టుకుని నావైపే చూస్తున్నాడు. "ఆవిణ్ణి రమ్మనండి" అన్నాను.

ఆ రొదలో వినబడలేదు. "ఏంటండీ?" అన్నాడు.

ఒకసారి అనడానికే ప్రాణం పోయింది నాకు. రెండోసారి అరిచి చెప్పాల్సొచ్చింది.

ఆయన నిలబడిపోయాడు. "మరి మీరు?"

"నేనెక్కడికి పోతాను? ఇక్కడే ఉంటాను."

"నేనంటే ఇష్టం లేదా?"

ఆ ఒక్కటీ అడక్కుండా ఉంటే బాగుండేది. లేదని అబద్ధమాడితే తొందరగా తెగిపోయేది. "ఉంది. ఉన్నా సరే, రమ్మనండి. దేవుడి మాట దాటి మీతో కూర్చుని అన్నం తినలేను నేను" అన్నాను.

ఆయన అంచు వదిలేశాడు. దుప్పటి నేలమీద పడింది. నేను వంగి తీసి ఉతికే బట్టల్లో వేసి లేచేసరికి ఆయన లేడు. ఆ తర్వాత బాయిలర్ వేడెక్కేదాకా తన గదిలోనే కూర్చోవడం మొదలుపెట్టాడు. ఎదురుపడితే తల వంచుకునేవాడు. ఆవిడ వచ్చిందని ఎవరో చెప్పారు.

కొన్నాళ్ళకి సంఘంలో ఆయన సాక్ష్యం చెప్పడానికి లేచాడు. విడిపోయిన తన కుటుంబాన్ని దేవుడు మళ్ళీ కట్టాడని రెండు ముక్కలు చెప్పి కూర్చున్నాడు. అందరూ ఆమెన్ అన్నారు. అందరికంటే గట్టిగా నేనన్నాను. అది సంతోషంతో అన్నది కాదు. అమ్మగారు పక్కకి తిరిగి నన్నొకసారి చూసింది. అక్కడ ఆయన కాక నా సంగతి తెలిసింది ఆవిడొక్కదానికే. ఇంటికొచ్చి ఒక్కదాన్నే తిని, ఒక్కదాన్నే గిన్నెలు తోముకున్నాను. లోబడితే దేవుడు ఏదో ఒకటి ఇస్తాడనుకుంటాం, పైకి అనకపోయినా. ఆరోజు గిన్నెలు తోముతూ చాలాసేపు వాకిలి వైపు చూశాను. ఎవరూ రాలేదు.

వచ్చింది తర్వాత. ఒక శనివారం మధ్యాహ్నం తలుపు చప్పుడైతే తీశాను. నా ఈడు మనిషే. సన్నగా, మెట్లెక్కిన ఆయాసంతో, చేతిసంచి రెండు చేతులా పట్టుకుని నిలబడింది.

"నేను... బాయిలర్ దగ్గర పనిచేసే ఆయన భార్యనండి" అంది.

తలుపు వేసేద్దామనిపించింది. నిజం. వేయలేదు. కుర్చీ చూపించాను, కూర్చుంది. టీ పెట్టాను. గ్లాసు అందుకుంది గానీ తాగలేదు.

"ఆయన నాతో అంతా చెప్పారు. మీరు రమ్మనమంటేనే నన్ను రమ్మన్నారట."

"అవును."

"అంటే ఆయనంతట ఆయన రమ్మనలేదు."

 ఓదార్చే మాటలు నాకు రావు.

ఆవిడే అంది. "మా అక్క ఇంట్లో అన్నేళ్ళున్నాను. అక్క పోయి వారం తిరక్కుండానే, పిన్నీ ఎప్పుడెళ్తావని అడిగారు పిల్లలు. అంతకుముందు ఈయనా అంతే, వెళ్తానంటే ఆపలేదు. నన్ను వెళ్ళమన్నవాళ్ళే గానీ రమ్మన్నవాళ్ళు లేరు. మీరు ఎవరో కూడా నాకు తెలీదు. మీరెందుకు రమ్మన్నారో అడిగి వెళ్దామని వచ్చాను. నామీద జాలేసిందా?"

"లేదు. నాకు మీమీద జాలీ లేదు, ఇష్టమూ లేదు. మీరు రాకుండా ఉంటే బాగుండునని ఏడ్చాను" అన్నాను. నా నోరు మంచిది కాదని ముందే చెప్పాను కదా. "నేనూ రమ్మనాలనుకోలేదు, ఆయనా అనుకోలేదు. మిమ్మల్ని రమ్మన్నది దేవుడొక్కడే. నేను మాట అందించాను, అంతే."

ఆవిడ గ్లాసు కింద పెట్టింది. లేచి వెళ్ళిపోతుందనుకున్నాను. నన్ను తిట్టినా పడాల్సిందేననుకున్నాను.

"పోనీలెండి. ఒక్కరైనా రమ్మన్నారు" అంది.

 ఇన్నాళ్ళూ దేవుడు నాకు వద్దని చెప్పాడనే అనుకుంటూ ఉన్నాను. ఆ మాటే ఇంకొకరికి రమ్మని చెప్పడమని నా బుర్రకి తట్టనేలేదు. ఆవిడ టీ తాగింది. అప్పటికది చల్లారిపోయింది. వేడిచేసి ఇస్తానన్నా వద్దంది.  వెళ్తూ వెళ్తూ గుమ్మంలో ఆగింది.

"ఈ ఊళ్ళో నాకెవరూ తెలీదు. ఎప్పుడైనా మళ్ళీ రావచ్చా?"

ఒకసారి లోబడితే అయిపోతుందనుకున్నాను నేను. "రండి" అన్నాను. మనసు ఇంకా అనలేదు. నోరే అంది.